లోహరక్షణకు బాట వేసిన మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే అనగానే మనకు విద్యుచ్ఛక్తి గుర్తుకు వస్తుంది. తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిలించి విద్యుత్తు పుట్టించిన శాస్త్రజ్ఞుడుగా ఆయనను బడి పుస్తకాలలో చదువుకొన్నాం. అయితే ఆయన జీవితంలో అంతగా ప్రచారానికి రాని పాయ మరొకటి ఉంది. లోహం ఎందుకు చెడిపోతుంది, ఒక్కొక్కప్పుడు చెడకుండా ఎలా నిలుస్తుంది అనే ప్రశ్న ఆయనకు పలుమార్లు ఎదురైంది. ఈనాడు మోకాలిలోనో, తుంటిలోనో, పంటి కిందనో లోహం పెట్టించుకొని హాయిగా తిరిగే పెద్దలు మన సభలలో ఎందరో ఉన్నారు. వారి సుఖం వెనుక ఫారడే శ్రమ కూడా కొంత ఉంది. ఆ సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మానవ శరీరం లోహానికి సుఖమైన చోటు కాదు. శరీరంలోని ద్రవాలు ఉప్పునీటి వంటివి. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపితే ఎంత ఉప్పదనమో, ఇంచుమించు అంత. పైగా 37 డిగ్రీల వెచ్చదనం ఎప్పుడూ ఉంటుంది. మన ఇళ్ళలో ఇత్తడి గిన్నెకు కళాయి పోతే అందులో చింతపండు పులుసు కాచకూడదని ఇల్లాళ్ళందరికీ తెలుసు. పులుపు తగిలితే చిలుము దిగి కూర చేదెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. అందుకే గిన్నెలకు మళ్ళీ మళ్ళీ తగరపు పూత వేయించేవారు. ఆవకాయనైతే లోహానికి దూరంగా జాడీలోనే పెట్టారు. కాని తొడ ఎముకలో బిగించిన కడ్డీని ఏటేటా బయటికి తీసి కళాయి వేయించలేం కదా! అక్కడ లోహాన్ని కాచే పూత ఏళ్ళ తరబడి నిలవాలి, గీత పడితే తనంతట తానే పూడుకోవాలి, పక్కనున్న ఎముకకు హాని చేయకూడదు. ఈ మూడు షరతుల మూలాలు ఫారడే కాలంలోనే బయటపడ్డాయి.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను నగరానికి దక్షిణాన ఉన్న న్యూవింగ్టన్ బట్స్ అనే చోట జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. కొలిమి, సుత్తి, ఎర్రగా కాలిన ఇనుము ఆ పిల్లవాడు పుట్టినప్పటినుంచీ ఎరిగినవే. తండ్రి ఆరోగ్యం అంతంతమాత్రం. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు పదేళ్ళ మైకేలుకు వారమంతటికీ ఒక్క రొట్టె ఇచ్చి సరిపెట్టుకోమన్న రోజులు కూడా ఆ ఇంట గడిచాయి. చదవడం, రాయడం, చిన్న లెక్కలు నేర్చుకోవడంతో అతని బడి చదువు ముగిసింది.

పదమూడో ఏట అతడు జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పత్రికలు ఇంటింటికీ అందించే పనిలో చేరాడు. మరుసటి ఏడు అక్కడే బైండింగు పని నేర్చుకోవడానికి ఏడేళ్ళ ఒడంబడిక కుదిరింది. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టడమే కాక చదవడం కూడా మొదలుపెట్టాడు. విజ్ఞాన సర్వస్వంలోని విద్యుత్తు వ్యాసం, సామాన్యుల కోసం జేన్ మార్సెట్ అనే విదుషీమణి రాసిన రసాయనశాస్త్ర సంభాషణలు అతని కళ్ళు తెరిపించాయి. 1810లో టేటమ్ అనే ఆయన తన ఇంట సాయంకాలాలలో శాస్త్రోపన్యాసాలు ఇస్తున్నాడని తెలిసింది. ఒక్కొక్క ఉపన్యాసానికి రుసుము ఒక షిల్లింగు. కమ్మరిపని చేసుకొనే అన్న రాబర్టు ఆ డబ్బు ఇచ్చి తమ్ముణ్ణి పంపాడు. పగలంతా పని చేసి రాత్రిపూట చదువుకొనేవారి విలువ తెలిసినవారికి ఆ షిల్లింగు విలువ కూడా తెలుస్తుంది.

1812లో, షాపుకు వచ్చే ఒక పెద్దమనిషి దయవల్ల, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చిన నాలుగు ఉపన్యాసాలు వినే అవకాశం కలిగింది. డేవీ ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులలో మేటి. ఫారడే విన్నదంతా రాసుకొని, బొమ్మలు గీసి, మూడు వందలకు పైగా పేజీల పుస్తకంగా తన చేతులతో బైండు చేసి, ఆ ఏడాది చివర డేవీకి పంపాడు. 1813 మార్చి 1న అతనికి అక్కడ ప్రయోగశాల సహాయకుడి ఉద్యోగం వచ్చింది. బస కూడా ఆ భవనంలోనే, పై కప్పు కింది గదులలో.

ఆ శరత్కాలంలోనే డేవీ దంపతుల వెంట ఫ్రాన్సు, ఇటలీ దేశాలకు బయలుదేరాడు. అటు శాస్త్ర సహాయకుడు, ఇటు ఇంటి నౌకరు, రెండు పనులూ చేయవలసి వచ్చి అవమానాలు కూడా భరించాడు. అయినా ఆంపియర్ వంటి పండితులను, విద్యుద్ఘటాన్ని కనిపెట్టిన వృద్ధుడు వోల్టాను దర్శించాడు. 1815లో లండనుకు తిరిగివచ్చేసరికి అతనికి ఐరోపా అంతా విశ్వవిద్యాలయం అయిపోయింది.

ఇక లోహాల కథ మొదలవుతుంది. జేమ్స్ స్టోడార్ట్ అనే ఆయన లండనులో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే నిపుణుడు. భారతదేశం నుండి వచ్చిన ఒక రకం ఉక్కు ఆయనను ముగ్ధుణ్ణి చేసింది. ఇంగ్లీషువారు దానిని ఊట్జ్ అన్నారు. అది మన ఉక్కు అనే మాటకే వికృతి అని పండితుల అభిప్రాయం. తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోనూ ఉక్కు ఉక్కే. నేటి నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైన ఇటువంటి ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారని చరిత్ర చెబుతున్నది. ఫారడే తనకు అందిన ఊట్జ్ ముక్కలను పరీక్షించి 1819లో ఫలితాలు ప్రకటించాడు. అందులోని స్వల్పమైన అల్యూమినియమే దాని గొప్పతనానికి కారణమని తలచాడు. ఆ ఊహ సరికాదు. కారణం అందులోని కర్బనమూ, దానిని కరిగించి చల్లార్చే విధానమూ అని తరువాత తేలింది. అయినా ఆ ఊహ వృథా పోలేదు. ఉక్కులో ఇతర లోహాలు కొద్దిగా కలిపితే ఏమవుతుందో చూద్దామనే పనికి అదే ప్రేరణ అయింది.

స్టోడార్ట్, ఫారడే కలిసి వెండి, ప్లాటినం, రోడియం, నికెల్ మొదలైనవి ఉక్కులో కలిపి కరిగించారు. పదును నిలిచే ఉక్కు, తుప్పు తక్కువ పట్టే ఉక్కు వారి ఆశయం. 1820లోను, 1822లోను రెండు వ్యాసాలు వెలువడ్డాయి. ఫలితాలు చిత్రంగా ఉన్నాయి. ఆకాశం నుండి పడిన ఇనుములో నికెల్ ఉంటుంది, అది అంతగా తుప్పు పట్టదు. కాబట్టి ఉక్కులో కూడా నికెల్ కలిపి చూశారు. ఆ ఉక్కు మామూలు ఉక్కుకంటె త్వరగా తుప్పు పట్టింది. తరగని లోహమైన ప్లాటినాన్ని కొద్దిగా కలిపిన ఉక్కు ఆమ్లంలో మామూలు ఉక్కుకంటె ఎంతో వేగంగా కరిగిపోయింది. మంచి లోహం చేర్చినంత మాత్రాన మంచి రక్షణ రాదని ఆయనకు అప్పుడే అనుభవానికి వచ్చింది.

వారు క్రోమియం కూడా కలిపారు. వందపాళ్ళ ఉక్కుకు ఒకసారి ఒక పాలు, మరొకసారి మూడు పాళ్ళు. అక్కడితో ఆగారు. 1823లో స్టోడార్ట్ మరణించాడు, తరువాత కొద్దికాలానికే ఆ పని మూలపడింది. క్రోమియం వందకు పది పాళ్ళు దాటినప్పుడే ఉక్కు తుప్పును తట్టుకొంటుంది. సుమారు తొంభై ఏళ్ళ తరువాత, 1913లో, షెఫీల్డులో హారీ బ్రియర్లీ దాదాపు 13 పాళ్ళు క్రోమియం ఉన్న ఉక్కును తయారు చేసి స్టెయిన్‌లెస్ స్టీలు యుగానికి నాంది పలికాడు. ఫారడే ఆ తలుపు దాకా వెళ్ళి తట్టకుండా తిరిగివచ్చాడు. కాని తన ముక్కలను మాత్రం పారవేయలేదు. ఆయన పేరు రాసి ఉన్న ఒక చెక్కపెట్టెలో 79 నమూనాలు మిగిలి ఉన్నాయి. 1931లో లోహశాస్త్రవేత్త రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ వాటిని పరీక్షించి, మిశ్రమ ఉక్కుల విషయంలో ఫారడే ఎంత ముందున్నాడో లోకానికి చాటాడు.

ఈ మధ్యనే మరొక సంఘటన జరిగింది. ఇంగ్లండు నౌకాదళం వారు కొయ్య ఓడల అడుగున రాగిరేకులు తొడిగేవారు. సముద్రపు పురుగు కొయ్యను తొలచకుండా అది అడ్డుకొనేది. అయితే ఉప్పునీటిలో రాగి అరిగిపోయేది. దీనికి ఉపాయం చెప్పమని ప్రభుత్వం డేవీని అడిగింది. రాగికి ఇనుపముక్కనో, జింకుముక్కనో తగిలిస్తే ఆ ముక్క తాను కరిగి రాగిని కాపాడుతుందని డేవీ 1824లో నిరూపించాడు. రాగి వైశాల్యంలో నలభయ్యో వంతు నుండి నూట యాభయ్యో వంతు దాకా ఉన్న చిన్న ముక్క చాలు. ఈ ప్రయోగాలలో ఫారడే ఆయనకు సహాయకుడు. లోహరక్షణ చరిత్రలో ఇది గొప్ప ఘట్టం. నేటికీ ఓడలను, భూమిలోని గొట్టాలను ఈ పద్ధతిలోనే కాపాడుతున్నారు.

తీరా ఓడలు సముద్రం మీదికి వెళ్ళి తిరిగివచ్చేసరికి రాగి చెక్కుచెదరలేదు కాని, అడుగంతా గుల్లలు, నాచు పట్టి ఓడ వేగం తగ్గిపోయింది. కారణం విచారిస్తే ఇదీ సంగతి: రాగి కొద్దికొద్దిగా కరిగి నీటిలోకి దిగడం వల్లనే, ఆ విషానికి జడిసి, సముద్ర జీవులు దానిని అంటకుండా ఉండేవి. రాగి కరగడం ఆగిపోగానే వాటికి అది నివాసయోగ్యమైంది! నౌకాదళం వారు ఆ రక్షణ ముక్కలను తీయించివేశారు. డేవీ మనసు ఎంతో నొచ్చుకొన్నది.

ఈ కథను వైద్యరంగంలో తలకిందులుగా చదువుకోవాలి. ఓడకు జీవి అంటకూడదు. ఎముకలో పెట్టిన లోహానికైతే జీవి అంటాలి. కరగని లోహం పక్కకు ప్రాణం చేరుతుంది అన్న ఓడల నష్టమే ఇక్కడ లాభం. స్వీడనులో బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1950 దశకంలో కుందేళ్ళ ఎముకలలో పెట్టిన టైటేనియం ఎముకతో విడదీయరానంతగా కలిసిపోవడం గమనించి, 1965లో మొదటిసారిగా మనిషి దవడలో టైటేనియం పంటి వేళ్ళు నాటాడు. లోహాన్ని కాపాడే పద్ధతి ఏదైనా లోహానికి ఏం చేస్తుందో చూస్తే చాలదు. దాని పొరుగున ఉన్న ప్రాణికి ఏం చేస్తుందో కూడా చూడాలి.

1821లో ఫారడే సారా బర్నార్డును వివాహం చేసుకొన్నాడు. వారికి సంతానం కలగలేదు. ఆ దాంపత్యం మాత్రం ఆయన చివరి రోజుదాకా అన్యోన్యంగా సాగింది. 1831 ఆగస్టు 29న విద్యుదయస్కాంత ప్రేరణ కనిపెట్టాడు. 1833, 1834 సంవత్సరాలలో విద్యుత్తు ద్రావణాలను విడగొట్టే తీరుకు నియమాలు చెప్పాడు. ఎంత విద్యుత్తు ప్రవహిస్తే అంత పదార్థం కరుగుతుంది, లేదా అంత పేరుకొంటుంది. తుప్పు పట్టడం కూడా ఇటువంటి విద్యుద్వ్యాపారమే. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకితే అది ఒక చిన్న విద్యుద్ఘటం. అందులో ఒక లోహం కరిగిపోతుంది. అయినా చాలాకాలం వైద్యులు విరిగిన ఎముకకు ఒక లోహపు పలక, మరొక లోహపు మరలు వాడుతూనే వచ్చారు. 1937లో వెనబుల్, స్టక్ అనే అమెరికను శస్త్రవైద్యులు రకరకాల లోహాలను జంతువుల ఎముకలలో పెట్టి చూసి, ఈ విద్యుద్వ్యాపారమే ఎముకను పాడుచేస్తున్నదని చూపారు. ఫారడే నియమాలు వెలువడిన నూరేళ్ళకు అవి శస్త్రచికిత్స గదిలో ప్రవేశించాయన్నమాట.

1836లో స్విట్జర్లాండులోని బాసెల్ నుండి షోన్‌బైన్ అనే ఆచార్యుడు ఫారడేకు ఒక లేఖ రాశాడు. పలుచని నత్రికామ్లంలో ఇనుము బుసబుస పొంగుతూ కరుగుతుంది. అదే చాలా గాఢమైన నత్రికామ్లంలో ముంచితే కరగకుండా మెరుస్తూ ఉండిపోతుంది. అటు తరువాత పలుచని ఆమ్లంలో పెట్టినా దానికి చలనం లేదు. గీకినా, మామూలు ఇనుము తగిలినా మాత్రం మళ్ళీ కరగనారంభిస్తుంది. ఈ వింతను ఇంకొందరు అంతకు ముందే గమనించారు, కాని కారణం ఎవరికీ అంతుపట్టలేదు. షోన్‌బైన్ ఆ స్థితిని నిష్క్రియత్వం అన్నాడు.

ఫారడే వెంటనే ప్రయోగాలు చేశాడు. నిష్క్రియ స్థితిలో ఉన్న ఇనుమును, ప్లాటినాన్ని జతచేసి ఆమ్లంలో ఉంచితే విద్యుత్తు పుట్టలేదు. అంటే ఆ ఇనుము ప్లాటినం వలెనే ప్రవర్తిస్తున్నదన్నమాట. ఆయన చెప్పిన కారణం ఇది: ఇనుము ఉపరితలం ఆమ్లజనితో, అంటే ఆక్సిజనుతో, చేరి కంటికి కనబడని పొర ఏర్పడింది, లేదా పై అణువులు ఆమ్లజనితో అటువంటి సంబంధం పెట్టుకొన్నాయి. ఆ పొరే లోపలి లోహానికి కవచం. షోన్‌బైన్ దీనిని అంగీకరించలేదు. వాదం దశాబ్దాలపాటు సాగింది. చివరకు 1927లో కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు అడుగునున్న ఇనుమును కరిగించి, ఆ పొరను విడిగా తీసి చూపించాడు. ఫారడే చెప్పిన 91 ఏళ్ళకు సాక్ష్యం చేతికి వచ్చింది.

ఆలోచిస్తే ఇది ఎంత విచిత్రం! ఇనుమును తినివేసే ఆమ్లజనే, సరిగ్గా పట్టినప్పుడు, ఇనుమును కాచే పొర అవుతుంది. తుప్పు వదులుగా పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది; ఈ పొర సన్నగా, గట్టిగా అంటిపెట్టుకొంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుపై క్రోమియం ఇటువంటి పొరనే ఇస్తుంది. టైటేనియంపై ఏర్పడే పొర మందం కొద్ది నానోమీటర్లే. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. అది చిరిగితే శరీరంలోని ఆమ్లజనితోనే వెంటనే పూడుకొంటుంది. మన కళాయికి లేని సుగుణం ఇదే.

అతిశ్రమ వల్ల 1840 ప్రాంతంలో ఫారడే ఆరోగ్యం దెబ్బతిన్నది. మతిమరపు, తలతిరుగుడు పట్టి పీడించాయి. కొన్నేళ్ళు పరిశోధన ఆగింది. తిరిగి కోలుకొని 1845లో కాంతికి, అయస్కాంతశక్తికి గల సంబంధాన్ని చూపాడు. 1857లో, అరవై అయిదేళ్ళ వయస్సులో, బంగారపు పలుచని పొరల మీద పెద్ద వ్యాసం సమర్పించాడు. అంగుళంలో 2,82,000వ వంతు మందమున్న బంగారు రేకులను ఆయన పరిశీలించాడు. విద్యుత్తును ఒక్కసారిగా పంపి బంగారు తీగను ఆవిరిగా పేల్చి, ఆ ఆవిరి గాజుపలకలపై పొరగా పట్టేటట్లు చేశాడు. లోహాన్ని ఆవిరి చేసి పూత పూసే నేటి పద్ధతులకు ఆ ప్రయోగాన్ని తొలిమెట్టుగా చెబుతారు. ఈనాడు శూన్యపు పెట్టెలో టైటేనియం ఆవిరిని నత్రజనితో కలిపి కృత్రిమ కీళ్ళపైన, వైద్యుల పరికరాలపైన వేసే బంగారు రంగు పూత ఆ వంశంలోదే. ఆనాడు ఆయన చేసిన ఎర్రని బంగారు ద్రావణపు సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికీ ఉన్నాయి.

1980 దశకం నుండి తుంటి కడ్డీలపై ఎముకలో ఉండే ఖనిజం వంటిదే కాల్షియం ఫాస్ఫేటును కరిగించి చల్లే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఎముక దానిని తనదిగా భావించి అల్లుకొంటుంది. అయితే సమస్య తీరిపోయిందని చెప్పలేం. కీలు కదిలిన ప్రతిసారీ పొర రాపిడికి గురి అవుతుంది. లోహం మీద లోహం ఒరుసుకొనే ఒక రకపు తుంటి కీళ్ళ నుండి కోబాల్టు, క్రోమియం రేణువులు శరీరంలోకి దిగుతున్నాయని తెలిసి 2010లో వాటిని ఉపసంహరించవలసి వచ్చింది. పొర పూడుకొనే వేగం కంటె చిరిగే వేగం ఎక్కువైతే ఏ కవచమూ నిలవదు.

ఫారడే తన ప్రయోగాల దినచర్యలో 16,000కు పైగా పేరాలకు వరుస సంఖ్యలు వేసుకొన్నాడు. ఫలించినవి, ఫలించనివి అన్నీ అందులో ఉన్నాయి. పసివారికి క్రిస్మసు సెలవులలో 19 పర్యాయాలు ఉపన్యాస పరంపరలు ఇచ్చాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇవ్వజూపితే వద్దన్నాడు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు దగ్గర ఇచ్చిన ఇంట్లో చివరి రోజులు గడిపి, 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. రాజులు, మహాకవులు నిద్రించే చోట స్థలం వద్దనుకొన్న ఆయనను హైగేట్ శ్మశానంలో నిరాడంబరంగా సమాధి చేశారు.

మన పిల్లలలో చాలామంది వైద్యులు, ఇంజనీర్లు అవుతున్నారు. లోహపు పూతల పనిలో చేరేవారు కూడా వారిలో ఉంటారు. వారికి ఈ జీవితం నుండి రెండు సంగతులు చెప్పాలనిపిస్తుంది. మొదటిది, కుదరని ప్రయోగాన్ని కూడా పేరు రాసి పెట్టెలో దాచండి. 79 ఉక్కుముక్కలలో ఒక్కటీ ఫారడే కోరుకొన్న ఉక్కు కాదు, అయినా నూరేళ్ళ తరువాత అవి ఒకరికి పాఠం చెప్పాయి. రెండవది, ఏమీ జరగని చోట కూడా నిలబడి చూడండి. ఆమ్లంలో కరగని ఇనుపతీగను చూసి మరొకరు పక్కకు పెట్టేసి ఉండేవారు. ఫారడే అక్కడే ఆగి, ఎందుకు కరగలేదని అడిగాడు.